సరుకు సైటుకు వెళ్ళింది, బిల్లు ఎవరి పేరున ఉంది?

ప్రశ్న: ఒక ఇంటి నిర్మాణానికి ఏడాది పాటు సిమెంటు, ఇనుము అప్పు మీద సరఫరా చేశాను. ఆర్డర్లు ఇచ్చింది కాంట్రాక్టర్, బిల్లులూ అతని పేరునే ఉన్నాయి. ఇంటి యజమాని మొదట్లో "మీరు పంపండి, నేను చూసుకుంటాను" అన్నారు. చివరి లోడు వెళ్ళిన నెలకు ఆయనే తన ఖాతా చెక్కు ఒకటి ఇచ్చారు, అది పాసైంది. ఆ తర్వాత పైసా రాలేదు. కాంట్రాక్టర్ ఫోన్ ఎత్తడు, యజమాని తనకు సంబంధం లేదంటున్నారు. చివరి లోడు వెళ్ళి రెండేళ్ళ పది నెలలైంది. నా భార్య నగలు తాకట్టులో ఉన్నాయి, టెన్షన్‌తో నిద్ర లేదు. పాత తేదీలతో యజమాని పేరున బిల్లులు రాసుకోమని ఒక మిత్రుడు అంటున్నాడు. ఆయన మీద దావా వేయవచ్చా?

జవాబు: నగల బాధ చెప్పుకున్నారు, చెక్కు గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టారు. మీ కేసు మాత్రం ఆ చెక్కు దగ్గరే తేలుతుంది.

సరుకు ఎవరి ఇంట్లో కలిసిపోయిందన్నది కాదు, ఎవరు కొన్నారన్నదే కోర్టు చూస్తుంది. ఆర్డరు కాంట్రాక్టర్‌ది, బిల్లు కాంట్రాక్టర్‌ది, మీ లెడ్జర్‌లో పద్దూ అతనిదే. కాబట్టి బాకీదారు అతనే. యజమానిని పట్టుకోవాలంటే ఆయన హామీదారు అనైనా రుజువు చేయాలి, కాంట్రాక్టర్ ఆయన ఏజెంటుగా కొన్నాడనైనా రుజువు చేయాలి. మన కాంట్రాక్టు చట్టం సెక్షన్ 126 ప్రకారం నోటి హామీ కూడా చెల్లుతుంది. కానీ "చూసుకుంటాను" అన్న మాట హామీయా, మర్యాదకు అన్నదా? ఆ మాట అన్నప్పుడు పక్కన ఎవరున్నారో, దాన్ని నమ్మే సరుకు పంపారని ఏం చూపగలరో మీ ఉత్తరంలో లేదు. అంత సరుకు పంపుతూ ఒక్క కాగితం రాయించుకోకపోవడం మీ తప్పే.

ఇక కాలదోషం, అంటే దావా వేసే గడువు దాటిపోవడం. మీరు చివరి లోడు నుంచి మూడేళ్ళు లెక్కేస్తున్నట్టున్నారు. గడువు ఒప్పుకోకుండా అప్పిచ్చిన సరుకుకు, 1963 కాలపరిమితి చట్టం 14వ ఆర్టికల్ ప్రకారం ఏ లోడుకు ఆ లోడు డెలివరీ తేదీ నుంచే మూడేళ్ళు. అంటే మొదటి నెలల లోడ్లకు ఇప్పటికే కాలం చెల్లింది. వాటిని బతికించగలిగేది ఆ చెక్కే. అదే చట్టం సెక్షన్ 19 ప్రకారం గడువులోపు కొంత చెల్లించి, అందుకు సంతకంతో ఆధారం ఉంటే ఆ తేదీ నుంచి మళ్ళీ మూడేళ్ళు వస్తాయి. అయితే ఆ చెల్లింపు బాకీదారుడైనా చేసి ఉండాలి, అతని అధికారం ఉన్న వ్యక్తైనా చేసి ఉండాలి. యజమాని కాంట్రాక్టర్ తరఫున ఇచ్చారంటే కాంట్రాక్టర్ మీద గడువు పెరుగుతుంది, కానీ యజమాని బాధ్యత పలచబడుతుంది. తన బాకీగా ఇచ్చారంటే దీనికి తలకిందులు. అందుకే ఆ చెక్కుకు మీరిచ్చిన రసీదులో ఏం రాశారో ముందు చూడండి.

మీ మిత్రుడి సలహా జోలికి మాత్రం పోకండి. అది ఫోర్జరీ. పైగా వెంటనే దొరికిపోతారు. అసలు బిల్లులు కాంట్రాక్టర్ జీఎస్టీ నంబరుతో మీ రిటర్నుల్లో ఎప్పుడో ఎక్కాయి. నిజానికి మీకు పనికొచ్చే సాక్ష్యం అదే: వాటి మీద అతను ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్న సరుకు మీది పన్నును తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకుని ఉంటే, సరుకు కొనలేదని చెప్పడం కష్టం. చీటింగ్ కేసు పెట్టి భయపెట్టే ఆలోచన కూడా వద్దు. కొనేనాడే మోసం చేసే ఉద్దేశం ఉందని చూపలేకపోతే, డబ్బు కట్టకపోవడం సివిల్ తగాదా మాత్రమే.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. బిల్లులు, వే బిల్లులు, సైటులో సంతకాలు పెట్టిన డెలివరీ చలానాలు, బ్యాంకు స్టేట్‌మెంటు పోగు చేయండి. వాట్సాప్ సంభాషణలుంటే ఫోన్ మార్చకండి, వాటిని కోర్టులో పెట్టడానికి భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. లాయర్ నోటీసు ఇస్తే గడువు ఆగుతుందని చాలామంది అనుకుంటారు, ఆగదు. మీ దావా విలువ మూడు లక్షలు దాటితే కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 12ఎ ప్రకారం ముందు మధ్యవర్తిత్వానికి దరఖాస్తు చేయాలి, అత్యవసర మధ్యంతర ఉత్తర్వు కోరే దావాలకు తప్ప తప్పించుకోవడానికి లేదు. ఆ మధ్యవర్తిత్వంలో గడిచిన కాలాన్ని గడువు లెక్కలోంచి మినహాయిస్తారు. అందుకే ఆ దరఖాస్తు ఈ వారమే పడాలి, ఇద్దరి పేర్లతో.

దావాలో కూడా ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఎవరు బాధ్యులో వాదికి సందేహమున్నప్పుడు అందరినీ చేర్చే వీలు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 7లో ఉంది. కాంట్రాక్టర్ కొనుగోలుదారుడని, యజమాని హామీదారుడని విడివిడిగా రాయించండి. రెండూ కలిపి కలగాపులగం చేస్తే మీ కథే మీకు అడ్డం తిరుగుతుంది. ఒకవేళ యజమాని మీద కేసు నిలవకపోయినా, ఆయన కాంట్రాక్టర్‌కు ఇంకా ఫైనల్ బిల్లు ఇవ్వాల్సి ఉందేమో కనుక్కోండి. కాంట్రాక్టర్ మీద డిక్రీ (డబ్బు కట్టమనే కోర్టు తీర్పు) వస్తే, యజమాని చేతిలోని ఆ మొత్తాన్ని ఆర్డర్ 21 రూల్ 46ఎ కింద నేరుగా జప్తు చేయించుకోవచ్చు.