లిస్టులో మానిటర్ ఏదండీ?

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రైవేటు స్కూల్లో టీచర్‌ని, జీతం 41,000. మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మొదటి సంవత్సరం, ఇంటి నుంచే కాలేజీకి వెళ్లొస్తాడు. సొంతంగా కంప్యూటర్ బిగించుకుంటానని 96,000 రూపాయల లిస్టు రాసిచ్చాడు. క్రెడిట్ కార్డు మీద నెలకు 8,000 చొప్పున 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఉందట. వచ్చే నెల నా ఆర్డీ పూర్తయి 65,000 వస్తుంది. ఈఎంఐ పెట్టి ఆర్డీ డబ్బు అలాగే ఉంచుకోమంటారా?

జవాబు: మీరు పంపిన లిస్టు రెండుసార్లు చదివాను. ప్రాసెసర్ ఉంది, మదర్‌బోర్డు ఉంది, లైట్లు వెలిగే క్యాబినెట్ కూడా ఉంది. మానిటర్ లేదు. కీబోర్డు, మౌస్, యూపీఎస్ కూడా లేవు. ఈ వయసు పిల్లలు రాసే లిస్టులన్నీ దాదాపు ఇలాగే ఉంటాయి, అబ్బాయిని కోప్పడకండి. 22 అంగుళాల మామూలు మానిటర్‌కి 8,000, యూపీఎస్‌కి 3,500, కీబోర్డు మౌస్‌లకి 1,000 వేసుకున్నా అసలు ఖర్చు 1,08,500. మిమ్మల్ని ఒప్పించాల్సిన అంకె ఇదీ, 96,000 కాదు.

ఇక నో కాస్ట్ ఈఎంఐ. వడ్డీ లేని అప్పంటూ ఏదీ ఉండదని రిజర్వ్ బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. జరిగేదేమిటంటే, బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు అమ్మేవాళ్లు ధర తగ్గించినట్టు చూపిస్తారు. 15 శాతం లెక్కన మీ 96,000లో వడ్డీ సుమారు 7,365. అది డిస్కౌంటు రూపంలో మీకు తిరిగొస్తుంది కానీ, ఆ వడ్డీ మీద కట్టే 18 శాతం జీఎస్టీ తిరిగి రాదు. అది 1,300 పైచిలుకు. ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద జీఎస్టీ వేరే. నిజం చెప్పాలంటే ఇదేమంత పెద్ద నష్టం కాదు. ఆ 65,000 డిపాజిట్‌లో ఉంటే వచ్చే వడ్డీతో అది తీరిపోతుంది. నా అభ్యంతరం వేరు. జీతంలో అయిదో వంతు ఏడాది పాటు కట్టుబడిపోతుంది, ఒక్క నెల కార్డు బిల్లు పూర్తిగా కట్టలేకపోతే నెలకు మూడు శాతం పైన పడుతుంది. దానికి తోడు ఈఎంఐ ఉందనేసరికి లిస్టు తనంతట తాను పెరుగుతుంది. చేతిలో 65,000 ఉన్న మనిషి 96,000 లిస్టు రాయడు.

అసెంబుల్డ్ కంప్యూటర్‌లో నాకు నచ్చేది ధర తక్కువన్న మాట కాదు, ఆ రోజులు పోయాయి. దాన్ని దఫదఫాలుగా కొనుక్కోవచ్చు. ల్యాప్‌టాప్ ఒకేసారి మొత్తం కొనాల్సిందే. ఇదలా కాదు, పునాది గట్టిగా వేసుకుంటే మిగతావి తర్వాత చేర్చుకోవచ్చు. అప్పివ్వడానికి ఎవరూ అక్కర్లేదు.

అలా చూస్తే ముందు పక్కన పెట్టాల్సింది 28,000 గ్రాఫిక్స్ కార్డు. మొదటి సంవత్సరం సీ, పైథాన్ ప్రోగ్రాములకి దాంతో పని లేదు. మెషీన్ లెర్నింగ్ నేర్చుకోవాలన్నా గూగుల్ కొలాబ్‌లో పరిమితంగా ఉచితంగానే జీపీయూ, అంటే గ్రాఫిక్స్ ప్రాసెసర్, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. ఆటలకి కావాలి, అది మీరూ నేనూ అబ్బాయీ ముగ్గురం ఎరిగిందే. అయితే ఇక్కడో మెలిక ఉంది. లిస్టులో ఉన్న ప్రాసెసర్ ఐ5 12400ఎఫ్. చివర ఆ ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండవు, కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. ఎఫ్ లేని 12400 తీసుకోమనండి, ఓ 2,500 ఎక్కువవుతుందనుకోండి. డబ్బా సీలుతో వచ్చేదే అడగండి, అందులో ప్రాసెసర్‌ని చల్లబరిచే కూలర్ కూడా ఉంటుంది. కాబట్టి 6,500 పెట్టి రాసిన వాటర్ కూలర్ అవసరం లేదు. 7,500 క్యాబినెట్ బదులు 3,500ది చాలు. 32 జీబీ ర్యామ్ అని రెండు ముక్కలు రాశాడు. ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి, ఇప్పుడు ఒక 16 జీబీ ముక్క కొని రెండో స్లాటు ఖాళీగా ఉంచితే 9,000 మిగులుతుంది. ర్యామ్‌లో డీడీఆర్4, డీడీఆర్5 అని రకాలున్నాయి, మదర్‌బోర్డు దేనిదో చూసి దానికి తగ్గదే కొనాలి, ఒకటి ఇంకోదాంట్లో పట్టదు.

కక్కుర్తి పడకూడనిది ఎస్ఎంపీఎస్, అంటే పార్టులన్నిటికీ కరెంటు అందించే పెట్టె. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చేది వద్దు. అది కాలితే మదర్‌బోర్డునీ తీసుకుపోయే ప్రమాదం ఉంది. రేపు కార్డు పెట్టుకునేలా ఇప్పుడే 550 వాట్లది, కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ ముద్ర ఉన్నది తీసుకోండి. యూపీఎస్ మాత్రం ఇప్పటికి 600 వీఏ చాలు, కార్డు పెట్టిన రోజున అది సరిపోకపోవచ్చు.

ఇవన్నీ తీసేసి, కలిపేసి, మానిటరూ యూపీఎస్‌లతో సహా లెక్కేస్తే 63,500 అయింది. మీ ఆర్డీలో సరిపోతుంది. విండోస్ అసలు లైసెన్సుకి పదివేల దాకా అవుతుంది, ఉబుంటు ఉచితం, సీఎస్‌ఈ విద్యార్థికి అది అలవాటైతే మంచిదే.

కొనడానికి ఒకరోజు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్లిరండి. ఆన్‌లైన్ ధరలు ఫోన్‌లో పెట్టుకుని మూడు నాలుగు షాపుల్లో కొటేషన్ రాయించుకోండి, నగదు లేదా యూపీఐ అంటే ఎంతో కొంత తగ్గుతుంది. ‘బిల్లొద్దంటే ఇంకా తగ్గిస్తాం’ అంటే మాత్రం లేచి వచ్చేయండి. ఇక్కడ వారంటీ కంప్యూటర్‌కి కాదు, ఒక్కో పార్టుకి విడివిడిగా ఉంటుంది, బిల్లు మీద సీరియల్ నంబరు ఉండేలా చూసుకోండి. ఆ బిల్లు కాగితం మీద అక్షరాలు కొన్నాళ్లకి వెలిసిపోవచ్చు, ఇంటికి రాగానే ఫోటో తీసి పెట్టుకోండి.

సొంతంగా బిగించాలన్న అబ్బాయి సరదా కాదనకండి. ప్రాసెసర్, కూలర్, ర్యామ్ వరకు షాపులోనే పెట్టించి, డిస్‌ప్లే వచ్చిందని చూసుకుని తెచ్చుకోండి. ఈ రకం మదర్‌బోర్డులో పిన్నులు వెంట్రుకల్లా ఉంటాయి, వంగితే వారంటీ వర్తించదు. మిగతా వైర్లూ స్క్రూలూ ఇంట్లో వాడే బిగించుకోవచ్చు.

ఇక గ్రాఫిక్స్ కార్డు సంగతి. నెలకు 8,000 కట్టడానికి సిద్ధపడ్డారు కదా, అందులో సగం, 4,000తో కొత్త ఆర్డీ తెరవండి. ఏడు నెలలకి 28,000. అప్పటికీ కార్డు కావాలంటే కొనిపెట్టండి. వద్దంటే ఆ డబ్బు మీది, అడక్కుండా ఉంటే నయం గానీ ఎలాగూ అడుగుతాడు.