సమాధానం: «రెవియర్» ముద్ర ఉన్న చెంచా అసలుదేనా?

మీ చెంచా మీద «రెవియర్» ముద్ర ఉంది కానీ స్టెర్లింగ్ (92.5 శాతం వెండి అని తెలిపే మాట) అని రాసి లేదు కాబట్టి నకిలీయేనేమో అని మీరు టెన్షన్ పడుతున్నారు. ఆ ఒక్క కారణంతో పక్కన పెట్టేయకండి. బోస్టన్‌లో వెండి కంసాలి పాల్ రెవియర్ (1735–1818) పనిచేసిన రోజుల్లో అమెరికాలో ఇంగ్లండ్ తరహా వెండి నాణ్యత పరీక్ష ముద్రలు లేవు. కంసాలి తన పేరో పొడి అక్షరాలో కొట్టేవాడు, అంతే. స్టెర్లింగ్ అనే మాట అక్కడ వాడుకలోకి వచ్చింది 19వ శతాబ్దం రెండో సగంలోనే. నిజం చెప్పాలంటే, అప్పటి చెంచా మీద ఆ మాట కనిపిస్తేనే అనుమానించాలి.

ఇప్పుడు చెంచా తిప్పి వెనక చూడండి. వెండి కడ్డీని సుత్తితో సాగదీసి చేసిన చెంచాలో కాడ మందం అంతటా ఒకేలా ఉండదు. కాడ గుంటను కలిసే చోట చుక్క కారినట్టు చిన్న ఉబ్బు ఉంటుంది. కాడ చివర మూడు అక్షరాలుంటే పైది ఇంటిపేరు, కింది రెండూ భార్యాభర్తల పేర్లవి కావచ్చు. పెళ్లిళ్లకు అలా చెక్కించుకునేవారు.

«ఇ.పి.ఎన్.ఎస్.» (EPNS) అని ఉంటే మాత్రం అది నికెల్ మిశ్రమం మీద వేసిన వెండి పూతే, 1840 తర్వాతిది. అయస్కాంతానికి అంటుకోలేదని సంబరపడొద్దు, వెండే లేని జర్మన్ సిల్వర్ (రాగి, నికెల్, జింక్ మిశ్రమం) కూడా అంటుకోదు.

రెవియర్ ముద్రకు దొంగ ముద్రలు చాలానే ఉన్నాయి. కాబట్టి పాత అమెరికన్ వెండి తెలిసిన వేలం సంస్థకు చూపించండి. ఈలోగా దయచేసి చింతపండుతో తోమకండి.