బుజ్జీ, తాడు విప్పకు

విజయవాడ,
ఫిబ్రవరి 20

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, "అక్కా, అది కుక్కను తెచ్చి పెట్టుకుందట. మార్చి మొదటి ఆదివారం దాన్ని తీసుకుని ఏదో కొండ ఎక్కుతుందట. నువ్వైనా చెప్పవే" అని ఏడ్చినంత పని చేసింది. ఏ కొండ అంటే దానికి నోరు తిరగలేదు. వేల్స్‌లో అబర్గవెన్నీ ఊరి దగ్గరట, ‘స్’తో మొదలవుతుందట. స్కిరిడ్ అని నాకు అర్థమైపోయింది. ఆ చుట్టుపక్కల ఇరవై ఆరేళ్లు డాక్టరుగా తిరిగినదాన్ని. చెబుతాలే అని ఫోన్ పెట్టేశాక నవ్వు వచ్చింది. సింహాచలం మెట్లెక్కుదామంటే కారు అడిగిన పిల్లవు కదే నువ్వు!

కొండకేం, బంగారంలాంటి కొండ. ఎత్తు 486 మీటర్లే. మొదట చెట్ల మధ్య ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది. అడవి దాటి కొండ వెన్ను మీదికి చేరావా, ఇక గాలీ ఆకాశమే. పడమట షుగర్ లోఫ్ అనే కొండ కనిపిస్తుంది, దాని పక్కగా బ్లాక్ మౌంటెన్స్ కొండలు. శిఖరం మీద పాత సెయింట్ మైకేల్ ప్రార్థనాలయం తాలూకు రాళ్లు రెండు నిలబడి ఉంటాయి. ఏసును శిలువ వేసిన క్షణంలోనే ఈ కొండ పక్క చీలిందని అక్కడివాళ్ల కథ. నిజానికి కొండచరియ జారింది. మన కృష్ణమ్మ కొండకు బెజ్జం కొడితే బెజవాడ అయిందంటాము కదా, అలాగే. మీ పెదనాన్న ఆ రాళ్ల పక్కన కూర్చుని పులిహోర డబ్బా మూత తీసేవారు. సగం మెతుకులు ఇంగ్లండు వైపు ఎగిరిపోయేవి.

బూట్లు, వాన కోటు, నీళ్లు, కుక్కకు వేరే గిన్నె, దాని మలం ఎత్తడానికి సంచులు. ఇవి నీకు తెలియవని కాదు. ఈల ఒకటి మెడలో వేసుకో. దారి తప్పితే నిమిషానికి ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోన్ చేస్తే ముందు పోలీసులను అడిగి, తర్వాత మౌంటెన్ రెస్క్యూ, అంటే కొండల్లో చిక్కుకున్నవాళ్లను కాపాడే దళం, కావాలని చెప్పాలి. అంతే.

అసలు సంగతి ఇక్కడుంది, శ్రద్ధగా చదువు.

1984 మార్చి. మాకు అప్పుడు ఒక నల్ల కుక్క ఉండేది, పేరు రాముడు. గడప దాటనివ్వకుండా ఇంట్లో కట్టేస్తే పాపమని ప్రతి ఆదివారం కొండకు తీసుకుపోయేదాన్ని. ఆ రోజు మీ పెదనాన్నకు డ్యూటీ. నేనొక్కదాన్నే. కిందికి దిగి వస్తుంటే ఎండ పడింది. అమ్మకు పంపడానికి ఒక ఫోటో తీద్దామనిపించింది. ఒక చేతిలో తాడు ఉంటే కెమెరా కదిలిపోతోంది. ఒక్క నిమిషమేగా అని తాడు విప్పాను. నా మాట వినే కుక్కే, బుజ్జీ. ఆ నిమిషం వరకు.

గట్టు కింద మడిలో గొర్రెలున్నాయి. వాటిలో ఒకటి ఉలిక్కిపడి పరుగెత్తింది. పరుగెత్తినదాన్ని తరమడం కుక్క నరాల్లోనే ఉంది. పళ్లు కూడా ఆనించలేదు, ఆట అనుకుంది. గొర్రెలన్నీ కంచె మూలకు చేరి ఒకదానిమీద ఒకటి పడ్డాయి. నేను బురదలో జారుతూ అరుస్తున్నాను, తెలుగులో. రైతు అవతలి గేటు తెరుచుకుని వచ్చాడు. చంకలో తుపాకీ. మందను తరిమే కుక్కను కాల్చినా చట్టం రైతు పక్షాన నిలిచే సందర్భాలున్నాయని నాకు అప్పటికే తెలుసు. నేను వెళ్లి రాముడి మీద పడుకున్నాను. చీర కట్టుకున్న ఆడది బురదలో కుక్కను కావలించుకుని ఉంటే ఏ మనిషి మాత్రం కాలుస్తాడు? (అవును, కొండకు చీరలోనే వెళ్లేదాన్ని. నవ్వకు.) అతను తుపాకీ దించి ఒక గొర్రె పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. చూడి గొర్రె. ఈనడానికి ఇంకా మూడు వారాలుందట. ఆ రాత్రే ఈసుకుపోయింది. కవల పిల్లలు.

మర్నాడు డబ్బు తీసుకుని వెళ్లాను. అతను లెక్కపెట్టి, ఎక్కువైన ఒక పౌను నా చేతిలో పెట్టాడు. ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఎంతమందికి పురుడు పోసిన చేతులు ఇవి!

ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. కొండ లేదు అందులో, మూలన రాముడి తోక మాత్రం పడింది.

ఉత్తర వేల్స్‌లో బెడ్‌గెలర్ట్ అనే ఊరుంది, ఎప్పుడైనా వెళతావు. పసిబిడ్డను తోడేలు నుంచి కాపాడిన వేటకుక్కను, మూతి మీది నెత్తురు చూసి యజమాని చంపేశాడని అక్కడొక సమాధి చూపిస్తారు. చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పిన బ్రాహ్మణి, ముంగిస కథే. నేను అక్కడ నిలబడి ఏడిస్తే మీ పెదనాన్న కథకే ఏడుస్తున్నాననుకున్నారు.

కాబట్టి మార్చి 1 నుంచి జూలై 31 దాకా స్కిరిడ్ లాంటి కొండ భూముల్లో కుక్కకు రెండు మీటర్లు మించని తాడు ఉండాలని చట్టం చెబుతోంది. గొర్రెలు కనిపిస్తే ఏడాది పొడవునా అంతే. నువ్వు చట్టం కోసం కాదు, నా కోసం పాటించు. ఒక్క సందర్భంలో మాత్రం తాడు వదిలెయ్. దూడలున్న ఆవులు తరుముకొస్తే వాటి కోపం కుక్క మీదే. అది పరుగెత్తి తప్పించుకోగలదు, నువ్వు తప్పించుకోలేవు. ఇంత చెప్పి మళ్లీ వదిలెయ్ అంటున్నానని విసుక్కోకు.

ఇంటికి వచ్చాక దాని చెవుల వెనక, కాలివేళ్ల సందుల్లో పిడుదులున్నాయేమో చూడు. నీ కాళ్లు కూడా చూసుకో. దిగగానే నాకు ఫోన్ చెయ్యి, ఇక్కడ అర్ధరాత్రి అయినా మేలుకునే ఉంటాను. మీ అమ్మకు నేను చెబుతాను.

కుక్క పేరేమిటో మీ అమ్మ చెప్పింది కానీ నాకు సరిగా వినపడలేదు. రాసి పంపు.

మీ పెద్దమ్మ