ఈ మేలో కాదు, వచ్చే మేలో వియత్నాం

ప్రశ్న: మాది వరంగల్. ప్రైవేటు ఉద్యోగం, చేతికి వచ్చే జీతం 72,000. ఇంటి రుణం వాయిదా 19,000, పాప బడి ఖర్చు 6,000, చిట్టీ 10,000, ఇంటి ఖర్చు 25,000 పోగా నెలకు 12,000 మిగులుతోంది. 3 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. ఇంతవరకు దేశం దాటలేదు. ఈ వేసవిలో ముగ్గురం వియత్నాం వెళ్లాలని ఉంది. మనిషికి 62,000 చొప్పున ప్యాకేజీ చూశాం. 16 శాతం వడ్డీకి 2 లక్షల రుణం ఇస్తామని బ్యాంకు యాప్‌లో వస్తోంది. అది తీసుకోవాలా, పాప చదువు కోసం వేస్తున్న చిట్టీని పాడేయాలా? 20 నెలల చిట్టీలో 8 కట్టాను. పాప ఎనిమిదో తరగతి.

జవాబు: రెండూ వద్దు. వియత్నాం వెళ్లండి, కానీ వచ్చే ఏడాది మే నెలలో.

ముందు రుణం సంగతి. 2 లక్షలకు రెండేళ్లపాటు నెలకు దాదాపు 9,800 కట్టాలి. మొత్తం 2,35,000 అవుతుంది. ప్రాసెసింగ్ ఫీజు రెండు శాతం ఉంటే జీఎస్టీతో కలిపి మరో 4,700. వారం రోజుల విహారానికి 40,000 అదనం! ఆ డబ్బుతో ఒకరి విమాన టికెట్ వచ్చి ఇంకా మిగులుతుంది. యాప్‌లో నెల వాయిదా ఒక్కటే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది కాబట్టి తేలికగా అనిపిస్తుంది. చిట్టీ పాడినా ఇంతే. ఇంకా 12 నెలలు ఉండగా పాడితే గట్టిగానే వదులుకోవాలి, ఆపైన మిగతా వాయిదాలు ఎలాగూ తప్పవు. రెండున్నరేళ్లలో పాప ఇంటర్ ఫీజు వచ్చి పడుతుంది, ఆ డబ్బు అలాగే ఉండనివ్వండి. డిపాజిట్ మీ ఇంటికి సరిగ్గా అయిదు నెలల ఖర్చు. దాని జోలికీ పోవద్దు.

పోనీ దసరా సెలవులకు వెళ్తే? అప్పటికి డబ్బు సగమే కూడుతుంది. పైగా డానాంగ్, హోయ్ఆన్ ఉన్న మధ్య వియత్నాంలో సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వానలు, తుపాన్లు, వరదలు. సంక్రాంతికి ఉత్తరాన హనోయ్‌లో చలి, పొగమంచు, పైగా వాళ్ల కొత్త సంవత్సరం టెట్ దగ్గరపడి ధరలు పెరుగుతాయి. మేలో ఎండ ఉంటుంది, వరంగల్ వాళ్లకు అదేమీ కొత్త కాదు. ఏప్రిల్ 30, మే 1 అక్కడ జాతీయ సెలవులు, హోటళ్లు కిటకిటలాడతాయి. అవి దాటాక రెండో వారంలో బయల్దేరండి.

ఇక లెక్క. ఏడు రాత్రులకు నేను వేసిన అంచనా ఇది: విమానాలు మనిషికి 28,000 చొప్పున 84,000, హోటళ్లు 21,000, హనోయ్ నుంచి డానాంగ్‌కు దేశీయ విమానం 15,000, హాలాంగ్ బే ఒక రోజు పడవ ప్రయాణం 12,000, భోజనాలు 24,000, స్థానిక ప్రయాణాలు, ప్రవేశ రుసుములు 15,000, వీసా, బీమా, సిమ్ 12,000. మొత్తం 1,83,000. మరో పది శాతం చేతిలో ఉంచుకుంటే 2 లక్షలు. ఎక్కడైనా తగ్గించుకోండి కానీ, డానాంగ్ దాకా వెళ్లి మీసన్ శివాలయాలు చూడకుండా రావద్దు. చంపా రాజులు కట్టించిన ఆ గుళ్లలో కొన్నింటిని బాగుచేసింది మన పురావస్తు శాఖే.

ప్యాకేజీ ముగ్గురికి 1,86,000 అంటున్నారు కదా, కింద చిన్న అక్షరాల్లో ఏమేమి మినహాయించారో చదవండి. వీసా, మధ్యాహ్న భోజనాలు, గైడు టిప్పులు, జీఎస్టీ అందులో లేకపోతే తడిసి మోపెడవుతుంది. విదేశీ ప్యాకేజీ మీద టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, రిటర్ను వేసినప్పుడు సర్దుబాటవుతుంది లేదా వెనక్కి వస్తుంది. కానీ అప్పటిదాకా మీ చేతిలో ఉండదు. టికెట్లు ఒకచోట, హోటల్ మరోచోట విడివిడిగా మీరే కొనుక్కుంటే ఈ టీసీఎస్ పడదు. తొలి ప్రయాణమని భయపడేంత కష్టమైన దేశం కాదు, విడిగా కొనుక్కోవడానికే నా ఓటు.

వియత్నాం కరెన్సీ డాంగ్. ఆ నోట్లు మన దగ్గర సులభంగా దొరకవు. కొంత డాలర్లుగా తీసుకెళ్లి అక్కడి బ్యాంకులో మార్చుకోండి. నలిగిన, గీతలు పడిన డాలర్ నోట్లను వాళ్లు వెనక్కి ఇచ్చేస్తారు, కొనేటప్పుడే చూసుకోండి. చాలా క్రెడిట్ కార్డులకు విదేశీ ఖర్చు మీద 3.5 శాతం, దానిపై జీఎస్టీ, అంటే 4.13 శాతం పడుతుంది. 60,000 గీకితే దాదాపు 2,500 చేతి చమురు వదిలినట్టే. బిల్లు రూపాయల్లో వేయమంటారా అని మిషన్ అడిగితే వద్దనండి, డాంగ్‌లోనే కట్టండి. ఇంకో చిక్కు: 20,000 నోటు, 5,00,000 నోటు రెండూ నీలంగానే ఉంటాయి. మొదటిది 70 రూపాయలు, రెండోది 1,700 పైమాటే. చీకట్లో టాక్సీ దిగేటప్పుడు ఒకదానికి బదులు మరొకటి ఇచ్చేసే వాళ్లు చాలామంది. రెండింటినీ వేర్వేరు జేబుల్లో పెట్టుకోండి. ధర చూడగానే మూడు సున్నాలు తీసేసి మూడున్నరతో గుణిస్తే రూపాయలు తెలిసిపోతాయి.

ఈ-వీసా ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. ప్రభుత్వ సైటును పోలిన ప్రైవేటు సైట్లు ఎక్కువ గుంజుతాయి, జాగ్రత్త. ఇంటిపేరు, పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అక్షరం తేడా లేకుండా అలాగే రాయండి. తప్పు పడితే ఆ రుసుము తిరిగి రాదు. ప్రయాణ బీమా మానొద్దు.

నెలకు 12,000ను రెండు ఆర్‌డీలుగా (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్లు) చేయండి. 7,000ది 12 నెలలకు. 6.5 శాతం వడ్డీ అనుకుంటే వచ్చే జనవరికి 87,000 చేతికొస్తుంది, టికెట్లు అప్పుడే కొనేయండి. 5,000ది 16 నెలలకు, దాదాపు 84,000. మొదటిది ముగిశాక మిగిలిన నాలుగు నెలల 7,000 సేవింగ్స్‌లో ఉంచితే ఇంకో 28,000. రెండు ఆర్‌డీల కోతనూ జీతం పడిన మర్నాటికే పెట్టించండి.