ఒకరిది కీచకపర్వం, మరొకరిది ప్రేమాయణమా?

ప్రశ్న: ముప్పై ఏళ్లు ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. విద్యార్థినిపై లైంగిక దాడి చేసిన మాస్టారుకు ఇరవై ఏళ్ల జైలు శిక్ష పడిందన్న వార్త, మైనర్ విద్యార్థితో సంబంధం పెట్టుకున్న టీచరమ్మకు బెయిలు దొరికిందన్న వార్త ఒకే వారంలో చదివాను. చట్టమే ఇలా రెండు రకాలుగా ఉందా, లేక దానిని అమలు చేసేవారిలో తేడా ఉందా?
– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, ముందుగా ఒక చిన్న సవరణ. శిక్ష కేసు చివర పడేది, బెయిలు కేసు మొదట్లో దొరికేది. కాబట్టి ఆ రెండు వార్తలను పక్కపక్కన పెట్టి తూచడం సరికాదు. అయినా మీ అనుమానం నిరాధారమైనది కాదు.

పిల్లల విషయంలో మన చట్టం పాఠం సమానంగానే ఉంది. లైంగిక నేరాల నుంచి పిల్లలను కాపాడడానికి 2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి వ్యక్తినీ, ఆడపిల్లయినా మగపిల్లాడైనా, బాలల కిందనే లెక్కిస్తుంది. పిల్లల ‘ఇష్టం’ అన్న మాటకు అందులో చోటు లేదు. విద్యాసంస్థ సిబ్బందే నేరానికి పాల్పడితే అది మరింత తీవ్రమైన నేరమవుతుంది. శరీరంలోకి చొచ్చుకుపోయే తీవ్రమైన లైంగిక దాడికి 2019 సవరణ తర్వాత కనీస శిక్షే ఇరవై ఏళ్లు. నిందితుడిని సూచించే సర్వనామం పుంలింగంలో ఉంది కాబట్టి అలా చొచ్చుకుపోయే లైంగిక దాడిని నిర్వచించే మూడో సెక్షన్ స్త్రీలకు వర్తించదని ఒక మహిళ చేసిన వాదనను ఢిల్లీ హైకోర్టు 2024 ఆగస్టులో తోసిపుచ్చింది. పిల్లలను కాపాడడానికి చేసిన చట్టాన్ని ఒక సర్వనామం పట్టుకుని కుదించకూడదన్నది ఆ తీర్పు సారాంశం.

అయితే పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని అత్యాచార నిర్వచనం ఇప్పటికీ పురుషుడు స్త్రీపై చేసే నేరంగానే ఉంది. బెయిలు విషయంలో కూడా తేడా ఉంది. మరణశిక్ష లేదా యావజ్జీవం పడగల కేసుల్లో సైతం నిందితురాలు స్త్రీ అయితే మెజిస్ట్రేట్ బెయిలు ఇవ్వవచ్చునని మన క్రిమినల్ ప్రొసీజరు చెబుతోంది. చిన్న బిడ్డల తల్లులను, గర్భిణులను దృష్టిలో పెట్టుకుంటే ఆ వెసులుబాటు అర్థవంతమైనదే. కానీ నిందితురాలు బయటికి వచ్చి, తాను చదువు చెప్పిన అదే పిల్లవాడితో మళ్లీ మాట కలిపే అవకాశం ఉన్నప్పుడు, ఆ వెసులుబాటుకు గట్టి షరతులు తోడు కావాలని నేను నమ్ముతాను.

ఇతర దేశాల చరిత్ర చూస్తే ఈ అసమానత ఒకప్పుడు చట్టంలోనే రాసి ఉండేదని తెలుస్తుంది. మైనరుతో సంభోగం విషయంలో పురుషుడిని మాత్రమే శిక్షించే కాలిఫోర్నియా చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1981లో సమర్థించింది. గర్భం దాల్చే ప్రమాదం ఆడపిల్లకే ఉంది కాబట్టి ఆ తేడా సమంజసమన్నది అప్పటి తర్కం. ఆ రాష్ట్రం 1993లో చట్టాన్ని మార్చుకుని ఇద్దరికీ వర్తింపజేసింది. ఇంగ్లండులో 2003 నాటి లైంగిక నేరాల చట్టం ప్రకారం అత్యాచారం అనే నేరానికి ప్రధాన ముద్దాయి పురుషుడే కాగలడు. స్త్రీ చేస్తే మరో సెక్షన్, మరో పేరు ఉంటాయి. కొన్ని సందర్భాల్లో గరిష్ఠ శిక్ష సమానమే అయినా, నేరానికి పెట్టిన పేరే జనం మనసులో దాని బరువును నిర్ణయిస్తుంది.

చట్టపాఠం మారినంత తేలిగ్గా జనం చూపు మారదు. 1997లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో మేరీ కే లెటూర్నో అనే టీచరు, తన వద్ద చదివిన పన్నెండేళ్ల బాలుడిపై అత్యాచారం చేసినట్లు కోర్టులో ఒప్పుకుంది. పడిన శిక్ష సుమారు ఏడున్నరేళ్లు. కానీ కోర్టు అందులో చాలా భాగాన్ని నిలిపివేసి కొద్ది నెలల జైలుతో, చికిత్సతో సరిపెట్టింది. బయటికి వచ్చిన కొద్ది వారాలకే ఆమె ఆ బాలుడితో మళ్లీ దొరికిపోవడంతో 1998లో మొత్తం శిక్షా అమలైంది. ఆ కాలంలో పత్రికలు, టీవీలు దానిని ఒక విషాద ప్రేమకథలా వర్ణించాయి. ఆరో తరగతి చదివే ఆడపిల్ల, ముప్పై దాటిన మాస్టారు అని పాత్రలను మార్చి చదివి చూడండి, ‘ప్రేమకథ’ అన్న మాట ఎవరి నోటా రాదు.

మన పత్రికల భాషా ఇంతే. మగవాడైతే శీర్షికలో ‘కీచక గురువు’, ‘కామాంధుడు’ అంటారు. స్త్రీ అయితే ‘విద్యార్థితో టీచర్ ప్రేమాయణం’ అంటారు. మొదటి శీర్షికలో నేరస్థుడున్నాడు, బాధితురాలుంది. రెండో శీర్షికలో ఇద్దరు ప్రేమికులున్నారు, బాధితుడు మాయమయ్యాడు. ఫిర్యాదు రాసుకునే పోలీసు, ఛార్జిషీటు తయారుచేసే అధికారి, శిక్ష ఖరారు చేసే న్యాయమూర్తి అందరూ ఉదయాన్నే ఆ పత్రికలు చదివేవారే. అమెరికా ఫెడరల్ కోర్టులపై సోన్యా స్టార్ అనే న్యాయశాస్త్ర ఆచార్యురాలు 2012లో చేసిన అధ్యయనంలో, పోల్చదగిన కేసుల్లో పురుషులకు స్త్రీల కంటే సగటున 63 శాతం ఎక్కువ కాలం శిక్ష పడుతున్నట్లు తేలింది. అది అన్ని రకాల నేరాల లెక్కే తప్ప కేవలం టీచర్లది కాదు. కానీ చట్టపాఠం ఒకటే అయినా తేడా ఎక్కడి నుంచి వస్తుందో దానివల్ల అర్థమవుతుంది. కేసు ఏ సెక్షన్ కింద పెట్టాలి, ఏ ఆరోపణను వదిలేయాలి, ఎంత శిక్ష అడగాలి అన్న నిర్ణయాలు మనుషుల చేతుల్లో ఉంటాయి. మన పోక్సోలో కనీస శిక్ష నిర్ణయమై ఉంది కాబట్టి తీర్పు దగ్గర జారిపోయే అవకాశం తక్కువ. మన దగ్గర కేసు జారిపోయేది అంతకంటే ముందే, స్టేషన్ గడప దగ్గర.

టీచరమ్మలను కూడా మగవాళ్లంత కఠినంగా శిక్షించి కసి తీర్చుకోవాలని నేను అనడం లేదు. ఎక్కువమంది నిందితులు పురుషులే అన్నదీ నిజమే. కానీ శిక్షను నిర్ణయించవలసింది నేరం చేసినవారు ఆడా మగా అన్న విషయం కాదు. మార్కులు వేసే చెయ్యి, హాజరు పలికించుకునే గొంతు, తల్లిదండ్రులు కళ్లు మూసుకుని నమ్మిన హోదా, వీటిని పిల్లల మీద ఎలా వాడుకున్నారన్నదే కొలత కావాలి.

ప్రశ్న: నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను, వయసు పంతొమ్మిది. ఇంటర్నల్ మార్కుల పేరు చెప్పి ఒక మేడమ్ నన్ను ఇబ్బంది పెడుతున్నారు. నేను అబ్బాయిని కదా, ఏ చట్టం వర్తిస్తుంది?
– పేరు వద్దు

జవాబు: చట్టంలో అసలైన ఖాళీ ఉన్నది మీ వయసు వారి దగ్గరే. పద్దెనిమిది నిండాక పోక్సో వర్తించదు. హోదాను అడ్డుపెట్టుకుని లొంగదీసుకోవడాన్ని శిక్షించే న్యాయ సంహిత 68వ సెక్షన్‌లో బాధితురాలు స్త్రీయే కావాలి. పని ప్రదేశాల్లో వేధింపులపై వచ్చిన 2013 చట్టం కూడా మహిళలకే. అయితే యూజీసీ 2015లో తెచ్చిన నిబంధనలు విద్యార్థులందరిపై జరిగే లైంగిక హింస విషయంలో చర్య తీసుకోవాలంటున్నాయి, మగ విద్యార్థులనూ ప్రస్తావించాయి. లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే మీ కళాశాల అంతర్గత కమిటీకి తేదీలతో సహా రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, అందినట్లు సంతకం తీసుకోండి. బెదిరింపు ఉంటే దానిపై పోలీసు ఫిర్యాదుకు మీరు ఆడా మగా అన్న అడ్డంకి లేదు.

ప్రశ్న: మా చెల్లెలి కొడుకు పదో తరగతి. ట్యూషన్ చెప్పే టీచరు వాడికి రాత్రి పదకొండు దాటాక ‘నిద్రపోయావా?’ అంటూ పెట్టిన మెసేజీలు, ఆ తర్వాతివి, అనుకోకుండా నా కంటపడ్డాయి. జరగకూడనిది జరిగిందని వాడే ఒప్పుకున్నాడు. వాడి నాన్న మాత్రం ‘మగపిల్లాడేగా, వాడికి పోయేదేముంది’ అంటున్నాడు. ఏం చేయమంటారు?
– ఒక పెద్దమ్మ

జవాబు: అమ్మా, మీ మరిది గారి మాటే ఈ అన్యాయానికి వేరు. మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వ శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. వారిలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నట్లు చెప్పారు, అలా చెప్పినవారిలో 52.94 శాతం మగపిల్లలే. పోయేదేమీ లేదని ఇంట్లో పెద్దలే తేల్చేస్తే, తనకు కలిగిన భయానికి, సిగ్గుకు ఆ పిల్లవాడు పేరు కూడా పెట్టుకోలేడు. ‘నేను కూడా వద్దనలేదు’ అని వాడు మీతో అని ఉండవచ్చు. మైనరు విషయంలో ఆ మాట టీచరుకు రక్షణ కాదని వాడికి స్పష్టంగా చెప్పండి.

నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం పోక్సో 19వ సెక్షన్ ప్రకారం తప్పనిసరి. ఆ బాధ్యత ఇప్పుడు మీపైనా ఉంది. దాచిపెడితే ఆరు నెలల వరకు, సంస్థ నడిపేవారు దాచిపెడితే ఏడాది వరకు శిక్ష ఉంటుంది. స్టేషనుకు వెళ్లడానికి జంకుగా ఉంటే ముందు పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి. వాంగ్మూలం ఇంటి దగ్గరో, వాడు కోరుకున్న చోటో, యూనిఫారం లేని అధికారి నమోదు చేయాలి. సాధ్యమైనంతవరకు ఆ అధికారి మహిళా ఎస్సై అయి ఉండాలని చట్టం అంటోంది. ఆడపిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసిన ఈ ఏర్పాటు, ఒక స్త్రీ చేతిలో దెబ్బతిన్న పిల్లవాడికి మరింత ఇబ్బంది కావచ్చు. వాడు మగ అధికారికి చెప్పుకుంటానంటే ఆ సంగతి ముందే అడగండి. వాడి పేరు, ఫొటో, బడి పేరు బయటపెట్టే హక్కు ఏ పత్రికకూ లేదు.

కోపంలో మెసేజీలు చెరిపేయకండి, వాడినీ చెరపనివ్వకండి. ఫోన్ ఉన్నది ఉన్నట్లు పోలీసులకు అప్పగించి రసీదు తీసుకోండి. ఆ టీచరు ఇంటికి వెళ్లి నిలదీయవద్దు, రాజీ మాటలకు ఒప్పుకోవద్దు. పరీక్షల ఏడాది కాబట్టి ట్యూషన్ మాన్పించేటప్పుడు వేరే చోట వెంటనే చేర్పించండి, అది తనకు పడిన శిక్షలా వాడికి అనిపించకూడదు. ఇక మీ మరిది గారితో, వాడు వినేలా ఆ మాట మరోసారి అనవద్దని ఈ రోజే చెప్పండి.