దగ్గితే చుక్క పడుతోంది... గిరి ప్రదక్షిణ చేయగలనా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 49 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, రెండూ నార్మల్ డెలివరీలే. రెండేళ్లుగా దగ్గినా, తుమ్మినా, నీళ్ల బకెట్ ఎత్తినా మూత్రం చుక్కలు చుక్కలుగా పడిపోతోంది. బయటికి వెళ్లే రోజు నీళ్లు తాగడం మానేస్తున్నాను. బీపీకి మాత్ర వాడుతున్నాను, షుగర్ లేదు. యూట్యూబ్‌లో చూసి కెగెల్ వ్యాయామాలు (మూత్రం ఆపుకునే కండరాలను బిగించి వదిలేవి) నెల రోజులు చేశాను, ఏమీ తేడా లేదు. ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ మొక్కు ఉంది, ఇంకా నాలుగు నెలలే. మావారికి 58. టాయిలెట్‌కి వెళ్లొచ్చాక రెండు చుక్కలు లుంగీ మీద పడుతున్నాయంటారు. ఆయన కూడా ఇవి చేయొచ్చా?
- ఒక పాఠకురాలు, గాజువాక

జవాబు: అమ్మా, ముందు ఆ నీళ్లు మానేయడం మానండి. తాగకపోతే మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని ఇంకా చిరాకు పెడుతుంది, ఇన్ఫెక్షన్ వస్తుంది, మలబద్ధకం వస్తుంది, మలబద్ధకం వస్తే ముక్కుతారు, ముక్కితే ఇప్పటికే వదులుగా ఉన్న కండరాలు మరింత సాగుతాయి. పైగా మన వైజాగ్ ఉక్కపోతలో నీళ్లు తాగకుండా తిరగడం ఎంత ప్రమాదమో నేను చెప్పక్కర్లేదు.

ఇక అసలు సంగతి. ముందు జఘనాస్థి (పొత్తికడుపు కింద ఉండే ఎముక) నుంచి వెనక తోకఎముక వరకు పరుచుకుని ఉండే కండరాలనే పెల్విక్ ఫ్లోర్ అంటాం. నవారు మంచం అనుకోండి. మూత్రాశయం, గర్భసంచి, పేగు దాని మీద ఆనుకుని ఉంటాయి. కాన్పులు, వయసు, బరువు, ఏళ్ల తరబడి దగ్గు, ఇవన్నీ ఆ నవారును వదులు చేస్తాయి. దగ్గినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా కిందికి దూకుతుంది, నవారు బిగువుగా లేకపోతే చుక్క పడుతుంది. నెలసరి ఆగిపోయే వయసులో హార్మోన్ తగ్గడం కూడా కొంత కారణమే. అంతే తప్ప ఇందులో మీ తప్పేమీ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు.

మరి నెల చేసినా ఎందుకు పనిచేయలేదు? రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, నెల చాలదు. కనీసం మూడు నెలలు రోజూ చేయాలి. రెండోదే పెద్దది, చాలామంది బిగించాల్సిన కండరాన్ని బిగించరు. నా ఓపీలో ‘ఒకసారి బిగించి చూపించండమ్మా’ అనగానే ఊపిరి బిగబట్టి, పొట్ట రాయిలా చేసి, తొడలు దగ్గరికి నొక్కి, ముఖం ఎర్రగా చేసుకుంటారు. పొట్ట మీద చెయ్యి వేస్తే తెలిసిపోతుంది, పైకి లాగడానికి బదులు కిందికి తోస్తున్నారు. అలా మూడు నెలలు కాదు మూడేళ్లు చేసినా లాభం లేదు, నష్టం కూడా. 1948లో ఈ వ్యాయామాల గురించి రాసిన అమెరికా గైనకాలజిస్టు ఆర్నాల్డ్ కెగెల్ కూడా, పేషెంటు సరిగ్గా బిగిస్తోందో లేదో చూడ్డానికి ఒత్తిడి కొలిచే పరికరం ఒకటి తయారుచేసుకున్నాడు. పరికరాలు మనకి అక్కర్లేదు లెండి, అద్దం చాలు.

మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకోండి. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాస్ వచ్చేలా ఉంటే ఎలా ఆపుకుంటారో అలా మలద్వారాన్ని బిగించి, ఆ బిగువును ముందుకు, యోని వరకు పైకి లాగండి. చిన్న అద్దం పెట్టుకుని చూస్తే ఆ భాగం లోపలికి, పైకి వెళ్లాలి. బయటికి ఉబ్బుతోందంటే మీరు ముక్కుతున్నారన్నమాట. పొట్ట, పిరుదులు, తొడలు మెత్తగానే ఉండాలి, ఊపిరి మామూలుగా ఆడుతుండాలి. మొదట మూడు సెకన్లు పట్టి ఉంచగలిగితే మూడే చాలు, అంతే సేపు పూర్తిగా వదిలేయండి. వదలడం కూడా వ్యాయామమే. ఇలా ఎనిమిది నుంచి పది సార్లు, తర్వాత టకటకా బిగించి వదిలేవి మరో పది. రోజుకు మూడు పూటలు. వారాలు గడిచేకొద్దీ మెల్లగా పది సెకన్లకు పెంచండి, పడుకుని వచ్చాక కూర్చుని, ఆ తర్వాత నిలబడి చేయండి. ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర బస్సు ఆగిపోయినప్పుడు చేసినా పక్కవాళ్లకు తెలియదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయమని కొందరు చెబుతారు, అది వద్దు, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాకుండా పోతుంది.

నేను అందరికీ చెప్పే కిటుకు ఇంకొకటి ఉంది. తుమ్ము వస్తోందని తెలిసిన ఆ అర క్షణంలో, బకెట్ ఎత్తబోయే ముందు, ముందే బిగించండి, పని అయ్యాక వదలండి. అలవాటు పడ్డాక చెయ్యి అడ్డం పెట్టుకున్నంత సహజంగా వచ్చేస్తుంది.

మీ బీపీ మాత్ర పేరు రాయలేదు. ఎనాలాప్రిల్, రామిప్రిల్ లాంటివి కొందరికి వదలని పొడి దగ్గు తెప్పిస్తాయి, ఎక్కువ మూత్రం పోయించే మాత్రలూ ఉన్నాయి, ప్రజోసిన్ లాంటివి ఆడవాళ్లలో లీకేజీని పెంచగలవు. మీ అంతట మీరు ఆపకండి, చీటీ పట్టుకెళ్లి మీ డాక్టర్‌నే అడగండి. మీ దగ్గు ఆ బీపీ మాత్ర వల్లే వస్తుంటే, మాత్ర మార్చాక కొన్ని వారాల్లో చాలా బాధ తగ్గొచ్చు.

మీవారి విషయానికి వద్దాం. మగవాళ్లకీ ఇదే కండరం, ఇవే వ్యాయామాలు. అద్దం ముందు బట్టలు లేకుండా నిలబడి బిగిస్తే అంగం మొదలు లోపలికి, వృషణాలు పైకి లాగినట్టు కనిపించాలి. ఆయనకు చెప్పేది మూత్రనాళం వంపులో మిగిలిపోయిన చుక్కలు. మూత్రం పోశాక గట్టిగా ఒకసారి బిగించి, వృషణాల వెనక వేళ్లతో పైకి, ముందుకు రెండు మూడు సార్లు మెల్లగా నొక్కుతూ రమ్మనండి, లుంగీ పొడిగా ఉంటుంది. ధార సన్నబడినా, రాత్రి పదేపదే లేవాల్సి వచ్చినా ప్రోస్టేట్ (మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) చూపించాలి. ప్రోస్టేట్ క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక లీకేజీ వచ్చిన వాళ్లకు కూడా మేం ముందు నేర్పేది ఇదే.

మీరు ఎలాగూ ఒక యూరిన్ టెస్టు, ఒకసారి గైనిక్ పరీక్ష చేయించుకోండి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఓపీ అయినా సరే. మూత్రంలో రక్తం, మంట, జ్వరం, కింద ఏదో జారినట్టు ఉంటే ఆలస్యం చేయొద్దు. తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, మూత్రం అసలు రాకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. బిగించినప్పుడు నొప్పి వస్తుంటే మానేయండి, కొందరిలో ఆ కండరం వదులు కాదు, మరీ బిగుసుకుపోయి ఉంటుంది, వాళ్లకు వేరే ఫిజియోథెరపీ.

నాలుగు నెలలు చాలా టైమ్. ఈ రోజే మొదలుపెడితే ఆషాఢ పౌర్ణమికి బాగా తేడా తెలియాలి. ముప్పై రెండు కిలోమీటర్ల నడక కాబట్టి బీచ్ రోడ్డులో కొంచెం కొంచెం పెంచుకుంటూ రండి. కొండ కింద తొలిపావంచా (తొలి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరేటప్పుడు ధైర్యానికి ఒక ప్యాడ్ పెట్టుకోండి, తప్పేం లేదు. దారి పొడవునా మజ్జిగ, మంచినీళ్లు ఇస్తుంటారు కదా, వద్దనకుండా తాగండి.