డిప్లీటెడ్ యురేనియం ఒంట్లోకి చేరితే ఏమవుతుంది?

డిప్లీటెడ్ యురేనియం దగ్గర నిలబడితేనే క్యాన్సర్ వస్తుందా అని అడిగారు. అంత భయం అక్కర్లేదు. అణు ఇంధనానికి పనికొచ్చే యురేనియం-235 అనే రకాన్ని చాలావరకు తీసేశాక మిగిలేదే ఇది. సహజ యురేనియం కంటే దీని రేడియోధార్మికత సుమారు 40 శాతం తక్కువ. ఇది ఎక్కువగా వదిలే ఆల్ఫా కణాలు చర్మాన్ని దాటి లోపలికి పోలేవు.

అసలు ప్రమాదం దుమ్ముతోనే. సీసం కంటే దాదాపు 1.7 రెట్లు సాంద్రత ఉన్న లోహం కాబట్టి ట్యాంకులను ఛేదించే గుండ్లలో వాడతారు. తగలగానే కొంత భాగం మండి సన్నటి పొడి అవుతుంది. పీలిస్తే, కరగని రేణువులు ఊపిరితిత్తుల్లో ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు అక్కడిదే. రక్తంలో కలిసింది చాలావరకు మూత్రంలో పోతుంది, కానీ మోతాదు ఎక్కువైతే కిడ్నీలను దెబ్బతీస్తుంది. సీసంలాగే ఇదీ విషమే. నా దృష్టిలో రేడియేషన్ కంటే ముందు చూడాల్సింది ఇదే.

1991 గల్ఫ్ యుద్ధంలో పొరపాటున సొంత సైన్యం గుండ్లే తగిలి, ఒంట్లో ముక్కలు మిగిలిపోయిన అమెరికా సైనికులను బాల్టిమోర్‌లో ఏళ్లుగా పరీక్షిస్తున్నారు. మూత్రంలో యురేనియం ఎక్కువగానే కనిపించింది, కిడ్నీలు మాత్రం పెద్దగా దెబ్బతినలేదు. అయితే వాళ్లు పదుల సంఖ్యలోనే ఉన్నారు. క్యాన్సర్ సంగతి తేల్చడానికి అది చాలదు. పైగా వాళ్లు పెద్దవాళ్లు. ధ్వంసమైన ట్యాంకుల చుట్టూ ఆడుకుని, ఆ మట్టి చేతులే నోట్లో పెట్టుకునే పిల్లల గురించే నా బాధంతా.